వేలిముద్ర సెలవులు

మా బడిలో జబ్బుపడిన పిల్లల కోసం ఒక గది ఉంది. తలుపు మీద ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఆ సంగతి రాసి ఉంటుంది. లోపల క్యారమ్ బోర్డులు, జెండా కర్రలు, ఒక చక్రం ఊడిపోయిన చక్రాల కుర్చీ ఉంటాయి. ఆ గదికి మందులు పెట్టుకోవడానికని ఒక ఫ్రిజ్జు కూడా మంజూరైంది. గదిలో ప్లగ్గు లేదని దాన్ని హెడ్మాస్టరుగారి క్వార్టర్లో పెట్టారు. తర్వాత ప్లగ్గు వచ్చింది గానీ ఫ్రిజ్జు మాత్రం రాలేదు. అప్పటికే అందులో హెడ్మాస్టరుగారి పెరుగు స్థిరపడిపోయింది.

నా పేరు గోవిందరావు. రాయగడ జిల్లాలో, రామనగుడ నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాని. మూడువందల నలభై మంది పిల్లలు. అందరూ కొండల మీది కోందు తెగ పిల్లలే. నేను చెప్పబోయేది నా గురించి కాదు. నా గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఉన్న కాస్తా చెప్పుకునేలా లేదు. మా బడి వంటశాలలో అటెండెంటుగా ఉన్న పైడితల్లి గురించి చెబుతాను. ఆమె గురించి ఎవరూ రాయరు. రాయదగ్గవాళ్ళందరికీ శాలువాలు కప్పే పనిలో ఉన్నారు మా జిల్లా వాళ్ళు.

పైడితల్లి తండ్రి దాలయ్య రాయగడ రైల్వేలో కలాసీ. బొబ్బిలి దగ్గర నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. పైడితల్లికి రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి కుడికాలు పడిపోయింది. పోలియో. బడిలో వేస్తే అక్కడి మేష్టర్లు పెద్ద మనసుతో ఆమెకి ఒక ఉద్యోగం ఇచ్చారు. ఆటల గంటలో మిగతా పిల్లల చెప్పులకి కాపలా. ఆరేళ్ళపాటు ఆ పిల్ల చదువులో సగం భాగం చెప్పుల దగ్గరే సాగింది.

తొమ్మిదేళ్ళప్పుడు వికలాంగుల శిబిరం ఒకటి పెట్టారు. ముందు ఒక నెల వచ్చి కొలతలు రాసుకున్నారు. తర్వాత షామియానా వేసి, మైకు పెట్టి, పెద్దలని పిలిచి, పిల్లల్ని ఎండలో వరసగా కూర్చోబెట్టి కాళ్ళకి ఇనప ఊతాలు పంచారు. పైడితల్లికి వచ్చింది ఎడంకాలిది. దాలయ్య వేదిక దగ్గరకి వెళ్ళి, మా పిల్లది కుడికాలండీ అని చెప్పాడు. ముందు ఫొటో అవనీ, తర్వాత మారుస్తాం అన్నారు. అవిటికాలు పక్కన వేలాడుతూ ఉండగా, బాగున్న కాలికి ఇనుము తొడిగించి ఫొటో తీశారు. ఆ ఫొటో నేను చూశాను. పెద్దమనిషి నవ్వుతున్నాడు. పిల్ల కూడా నవ్వుతోంది, నవ్వమన్నారు కాబట్టి. తర్వాత మార్చడానికి ఎవరూ రాలేదు. దాలయ్యే రైలు షెడ్డులో ఒక ఫిట్టరు కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని నాలుగు రోజులు కూర్చుని ఆ ఊతం విప్పించి, వంచి, కుడికాలికి సరిపెట్టించాడు. మూడేళ్ళు వాడింది. ఆ తర్వాత పిల్ల ఎదిగింది, ఇనుము ఎదగలేదు. ఇప్పటికీ కుడి తొడ మీద చెయ్యి నొక్కుకుంటూ నడుస్తుంది.

పదో తరగతి పాసైంది. వికలాంగుల కోటాలో ఉద్యోగం వచ్చింది. వంటశాలకీ పిల్లలు పడుకునే భవనానికీ మధ్య నలభైఒక్క మెట్లున్న బడి చూసి మరీ వేశారు. ఇలాంటి తెలివి మా ఆఫీసులకి ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలీదు గానీ, కరువు మాత్రం ఎప్పుడూ రాలేదు.

బడిలో నర్సు పోస్టు ఉంది, నర్సు లేదు. ఏడాదికి రెండుసార్లు వ్యానులో డాక్టర్ల బృందం వచ్చి పిల్లల్ని పరీక్ష చేస్తుంది. మూడువందల నలభై మందినీ ఒక పూటలో చూసి, అందరి కార్డుల మీదా బాగున్నారని రాసి, కోడికూరతో భోంచేసి వెళ్తారు. ఆ కోడికూర వండేది పైడితల్లే. ఒకసారి వడ్డిస్తూ, మూర్ఛ వచ్చే పిల్ల ఒకర్తి ఉంది, కాస్త చూడండి బాబూ అంది. వాళ్ళలో ఒకాయన, ఇప్పుడు రాలేదు కదా అన్నాడు.

కాబట్టి పైడితల్లే చూసుకునేది. మూర్ఛ వచ్చిన పిల్ల చేతిలో టీచర్లు తాళాల గుత్తి పెడితే లాగి అవతల పారేసి, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టేది. రక్తంలో సికిల్ జబ్బు ఉన్న పిల్లలు చలికాలం ఎముకలు నొప్పి అని ఏడిస్తే టీచర్లు దొంగవేషాలు అనేవాళ్ళు. ఆమె మాత్రం వేణ్ణీళ్ళు కాచి ఇచ్చి, గోనెసంచి వేడి చేసి కాపడం పెట్టి, వానలో డ్రిల్లుకి పంపకుండా దాచేది. సెలవు రోజున రాయగడ వెళ్ళి పెద్దాసుపత్రి వార్డులో నర్సుల పక్కన కూర్చుని అడిగి తెలుసుకునేది. టీచర్లు ఆమెని వెనకాల డాక్టరమ్మ అని పిలిచి నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను. టీ తాగుతున్నప్పుడు అందరూ నవ్వుతుంటే నవ్వకుండా ఉండటం నాకు చేతకాదు.

ఇక సుక్రి సంగతి. సుక్రి కడ్రక, గుడారి అవతల కొండ మీది ఊరు. పదకొండేళ్ళ పిల్ల ఆరో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి చిక్కిపోవడం మొదలుపెట్టింది. బిందెలకి బిందెలు నీళ్ళు తాగేది, పక్క తడిపేది. మా వార్డెన్ చేసిన వైద్యం ఏమిటంటే పిల్లని వరండాలో పడుకోబెట్టడం. వ్యాను బృందం కార్డు మీద బాగుంది అని రాసింది. పైడితల్లి మాత్రం, పిల్ల ఒంటేలు పోసిన చోట చీమలు పట్టడం చూసింది. ఆ ఆదివారమే పిల్లని బస్సెక్కించి రాయగడ తీసుకెళ్ళింది.

అక్కడ పిల్లల వార్డు డాక్టరు కిరణ్మయిగారు. విజయనగరం అమ్మాయి. చక్కెర జబ్బు అనీ, పిల్లలకొచ్చే రకం అనీ, బతికినన్నాళ్ళూ రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ సూది పడాలనీ, ఒక్కరోజు మానినా ప్రమాదమనీ చెప్పింది. బడిలో నర్సు లేదని విని, వంటకని పైడితల్లి కొన్న వంకాయల్లోంచి ఒకటి తీసి, దాని మీద సూది వెయ్యడం నేర్పింది. ఆ పూట నాలుగు వంకాయలు పాడయ్యాయి. చట్టప్రకారం అది తప్పే. అటెండెంటు సూది వెయ్యకూడదు. పిల్ల చచ్చిపోవచ్చు, దానికి చట్టం అడ్డు చెప్పదు.

మందు సీసాలు చల్లగా ఉండాలి. బడికి ఉన్నది ఒకటే ఫ్రిజ్జు, ఎక్కడుందో చెప్పాను.

మా హెడ్మాస్టరు వరాహనరసింహంగారు. తాతల కాలంలో ఎస్టేటు దివాణంలో ఉద్యోగాలు చేసిన ఇల్లు. ఆ ఎస్టేటూ లేదు, ఆ దివాణమూ లేదు, ఆయన చొక్కా ఇస్త్రీలో మాత్రం ఇంకా ఉన్నాయి. భార్య అమ్మణ్ణిగారు. మడీ ఆచారం గట్టిగా ఉన్న మనిషి. రెండు వారాలకోసారి కొత్త సీసా కోసం పైడితల్లి పెరటి గుమ్మం దగ్గర నిలబడితే, అమ్మణ్ణిగారు లోపలి నుంచి తెచ్చి, చెయ్యి తగలకుండా పైనుంచి జారవిడిచేది. గాజుసీసా. పైడితల్లి కొంగు పట్టి అందుకునేది. ఏడాది పైగా ఒక్కటి కూడా పగలనివ్వలేదు.

సుక్రి తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. ఏడో తరగతికి వచ్చి పరుగుపందెంలో రెండోది వచ్చింది. పైడితల్లి ఆ రోజు వంటశాలలో అందరికీ చెప్పింది, నాకు రెండుసార్లు చెప్పింది. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. ఆ పిల్లంటే ఆమెకి ప్రాణం. ఇంతకన్నా దాచి చెప్పడం నాకు చేతకాదు.

కార్తీకమాసం ఆఖర్లో అమ్మణ్ణిగారి బావగారు పార్వతీపురం నుంచి వచ్చారు. ఆయనకీ చక్కెర జబ్బే. ఫ్రిజ్జులో సీసాలు చూసి, ఈ మందు పూర్వం పందిలోంచి తీసేవారు తెలుసా అన్నాడట. ఇప్పుడలా చెయ్యరని కిరణ్మయిగారు తర్వాత చెప్పింది గానీ, బావగారికి పూర్వమే తెలుసు, ఇప్పుడు తెలీదు. అమ్మణ్ణిగారి గుండె ఆగినంత పనైంది. సోమవారం నక్తాలు ఉంటున్న ఇంట్లో, పెరుగు పక్కన పంది! పారేయడానికి మనసొప్పలేదు, ఆ మాట ఆమెకి దక్కాల్సిందే. తమ వస్తువేదీ పెట్టని చోటు కోసం చూసింది. ఫ్రిజ్జులో అలాంటిది ఒకటే ఉంది, పైన మంచు గడ్డకట్టే అర. ఆ ఇంట్లో ఐసు తినరు. ఉన్న మూడు సీసాలూ అందులో పెట్టి తలుపు వేసింది. ఎక్కువ చల్లగా ఉంటే ఇంకా మంచిదే కదా అనుకుంది. కార్తీకం వెళ్ళగానే బయటికి తీసి, కరిగాక, మళ్ళీ కింద అరలో ఒక మూల పెట్టింది.

ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. ఆ సంగతి ఆమెకి తెలీదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు కూడా, అది ఒప్పుకోవాలి. ఏడాదిపాటు గుమ్మంలో నిలబెట్టిన మనిషిని ఒక్క ముక్క అడిగుంటే తెలిసేది, అది కూడా ఒప్పుకోవాలి.

చేతిలో ఉన్న సీసా అయిపోయి, డిసెంబరులో కొత్తది మొదలుపెట్టారు. సుక్రి మళ్ళీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. పైడితల్లి వేలి రక్తం తీసి మిషన్లో చూస్తే అంకె పెరుగుతోంది. సూది వేస్తూనే ఉంది, అంకె పెరుగుతూనే ఉంది. వంటశాలలో బెల్లం డబ్బా మూత ఊడి ఉండటం ఆమె కంట పడింది. పిల్ల దొంగతనంగా తింటోందని అనుకుంది. అడిగితే తినలేదంది. అబద్ధమాడుతున్నావని చెంప మీద కొట్టింది. పిల్ల నిజంగానే తినలేదు. ఆ దెబ్బ తలుచుకుని పైడితల్లి ఇప్పటికీ ఏడుస్తుంది. నా కళ్ళతో చూశాను.

మంగళవారం పొద్దున్న ప్రార్థన గంట కొట్టేసరికి సుక్రి వాంతులు చేసుకుని, రొప్పుతూ, పిలిస్తే పలక్కుండా పడి ఉంది. నోట్లోంచి కుళ్ళిన పండు వాసన. పైడితల్లి నలభైఒక్క మెట్లు దిగి, మళ్ళీ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. నేను బల్ల దగ్గరే ఉన్నాను.

"సార్, సుక్రికి ఊపిరి అందడం నేదు. పెద్దాసుపత్రికి తీసుకెల్లాల. జీపు ఇప్పించండి."

హెడ్మాస్టరుగారు పేపరు మడిచారు. "ఏవిటైంది? నిన్న సాయంత్రం ఆడుకుంటూంటే చూశేనే."

"నిన్న మీరు సూసింది వేరే పిల్లండి."

ఆయన కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించేటప్పుడు పిల్ల గురించి ఆలోచించరు. "ఆస్పత్రీ అదీ అంటే పెద్ద గొడవ. జీపు తీసుకెళ్ళు. ఊళ్ళో వాళ్ళవాళ్ళకి అప్పగించి రా. కన్నవాళ్ళ దగ్గరుంటే పిల్లకీ ధైర్యం."

"ఊరికి బండి ఎల్లదండి. ఆఖర్న నాలుగు కిలోమీటర్లు కొండెక్కాల. దార్లోనే అయిపోతాది."

"చెప్పింది చెయ్యి."

పైడితల్లి వెళ్ళిపోయింది. ఆమె గడప దాటగానే ఆయన నావైపు తిరిగి, "గోవిందరావ్, కట్ట తియ్యి" అన్నారు.

ఆ కట్ట సంగతి చెప్పాలి. హాస్టల్లో పిల్ల చనిపోతే ఎంక్వైరీ, పేపర్లో వార్త, సస్పెన్షను. అదే పిల్ల ఇంట్లో చనిపోతే, చనిపోయినట్టే, అంతే. ఈ తేడా కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ నేను చేరేనాటికే మా బడిలో పద్ధతి ఉంది. జూన్‌లో పిల్లల్ని తెచ్చి దింపేటప్పుడు తల్లీ తండ్రీ ఎవరు వస్తే వాళ్ళ చేత తలా ఏడు వేలిముద్రలు వేయిస్తాం. ఆరు ఫారాల మీద, ఏడోది ఖాళీ కాయితం మీద. సిరాపెట్టె పట్టుకుని కూర్చునేది నేనే. ఏడోది ఎందుకని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. పిల్లకి జబ్బు ముదిరిందనిపిస్తే ఆ కాయితం మీద, మా అమ్మాయిని నా ఇష్టప్రకారం ఇంటికి తీసుకెళ్తున్నాను, బడికి ఏ బాధ్యతా లేదు అని, ముందురోజు తేదీ వేసి నింపుతాం. నా చేత్తో అలాంటివి పదకొండు నింపాను. అందులో ముగ్గురు పిల్లలు మళ్ళీ బడికి రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే నిద్ర పట్టదని కాదు. కనుక్కోమని ఎవరూ చెప్పలేదు.

కట్ట విప్పి, సుక్రిది తీసి, ఒడియాలో నాలుగు వాక్యాలు రాసి, సోమవారం తేదీ వేసి, వేలిముద్ర కింద తండ్రి డంబు కడ్రక అని రాశాను. హెడ్మాస్టరుగారు సంతకం పెట్టి సీలు వేశారు. మొత్తం టీ చల్లారేలోపు అయిపోయింది. నా దస్తూరీ ఎప్పట్లాగే చక్కగా వచ్చింది.

జీపు రామనగుడ కూడలికి వచ్చాక ఏం జరిగిందో డ్రైవరు బిజయ్ తర్వాత చెప్పాడు. గుడారి రోడ్డు ఒకవైపు, రాయగడ రోడ్డు ఒకవైపు. వెనక సీట్లో పిల్లని ఒళ్ళో పెట్టుకున్న పైడితల్లి, రాయగడ పోనీమంది. హెడ్మాస్టరుగారు చంపేస్తారు అన్నాడు బిజయ్.

"ఈ పిల్లకి దార్లో ఏటైనా అయితే బండిలో ఉన్నోల్లం నువ్వూ నేనూ. హెడ్మాస్టరు కాదు. పోనియ్ బావూ" అంది.

బిజయ్ ఆ లెక్క వెంటనే అర్థం చేసుకున్నాడు. గంటంబావులో ఆసుపత్రి దగ్గర దింపాడు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే దక్కేది కాదని కిరణ్మయిగారు చెప్పింది. సెలైన్లు పెట్టి, కొత్త మందు ఎక్కించి, మూడు రోజులు కష్టపడి నిలబెట్టింది. పైడితల్లి కొంగున ఉన్న సీసా తీసి ఇస్తే, ఆవిడ వెలుతురుకి పట్టి చూసింది. గాజు లోపల రవ్వల్లాంటి ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"ఇది ఎక్కడో మంచులో గడ్డకట్టింది, పైడితల్లీ. ఇన్నాళ్ళూ నువ్వు వేసింది నీళ్ళే."

పైడితల్లి ఆ సీసా వైపు చూడలేదట. మంచం మీది పిల్ల చెంప వైపు చూస్తూ ఉండిపోయిందట.

కిరణ్మయిగారు బడికి ఫోన్ చేసింది. హెడ్మాస్టరుగారు ఎంతో మర్యాదగా, ఆ పిల్ల సోమవారం నుంచీ సెలవులో ఉందండీ, తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు, మా అటెండెంటు ఆ పిల్లని ఇంటినుంచి ఎందుకు ఎత్తుకొచ్చిందో మాకు తెలీదు అన్నారు. మర్నాడే పైడితల్లి మీద అభియోగం తయారైంది. సెలవులో ఉన్న విద్యార్థినిని అనుమతి లేకుండా తీసుకుపోవడం ఒకటి, అర్హత లేకుండా సూదులు వేసి ప్రాణం మీదికి తేవడం రెండు. ఫైలు కట్టింది నేను. అందులో జీపు మాటే లేదు.

దీనికి అర్థం ఏమిటో మా బడిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పైడితల్లి ఉద్యోగం పోతుంది. ఆమె పోతే సుక్రికి సూది వేసేవాళ్ళు లేరు. సూది వేసేవాళ్ళు లేని పిల్లని బడి ఉంచుకోదు, కొండ మీదికి పంపేస్తుంది. కొండ మీద ఆ పిల్ల వారం రోజులు బతకదు. టీచర్లు స్టాఫ్ రూములో ఈ మాట గుసగుసగా అనుకున్నారు, జాలిపడ్డారు, తర్వాత పరీక్ష పేపర్లు దిద్దుకున్నారు. అమ్మణ్ణిగారు మాత్రం పెరట్లో నన్ను పట్టుకుని, "గడ్డకట్టకూడదని నాకెవరైనా చెప్పేరా నాయనా? నేనేం పాపం చేశేను?" అని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపు పిల్ల కోసమా, తన పుణ్యం కోసమా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. ఎంక్వైరీలో ఆ మాట చెప్పండమ్మా అంటే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

జనవరిలో ఎంక్వైరీకి మనోరంజన్ బాబు అనే ఆఫీసరు వచ్చాడు. పదకొండుకి వచ్చి, కొబ్బరినీళ్ళు తాగి, పన్నెండున్నరకి తను గుణుపురంలో ఉండాలని ముందే చెప్పాడు. న్యాయానికి గంటన్నర దొరికింది, అందులో కొబ్బరినీళ్ళు పోను. హెడ్మాస్టరుగారి కుర్చీలో ఆయన, పక్కన హెడ్మాస్టరుగారు, గోడకి ఆనుకుని నేను, ఎదురుగా పైడితల్లి. ఆసుపత్రి నుంచి వచ్చిన సుక్రి ఆమె కొంగు పట్టుకుని నిలబడింది.

ఆయన ఫైలు తిరగేసి, సెలవు కాయితం పైకెత్తి పట్టుకున్నాడు. "సోమవారం నాడు దీని తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు. వేలిముద్ర ఉంది. మంగళవారం నీ దగ్గరికి పిల్ల ఎలా వచ్చింది?" అని ఒడియాలో అడిగాడు.

పైడితల్లికి మొదట అర్థం కాలేదు. "ఎవరు తీసుకెల్లేరండి?"

"తండ్రి. డంబు కడ్రక."

పైడితల్లి నావైపు చూసింది. ఆఫీసరు వైపు తిరిగింది. వచ్చీరాని ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేసింది. "డంబు సచ్చిపోనాడు బాబూ. బాద్రపదంలోనే సచ్చిపోనాడు. పిల్లని నేనే ఊరికి తీసుకెల్లేను. అయిదు రోజులు ఆల్లింట్లోనే ఉన్నాను, సూది ఎవరేస్తారని."

ఆఫీసరు అద్దాలు తీశాడు. హెడ్మాస్టరుగారు ఇస్త్రీ చొక్కాలోనే చిన్నబోయారు. ఆయనకి ఆ చావు సంగతి తెలీదు. తెలిసే అవకాశం లేదు, హాజరు పట్టీలో ఆ అయిదు రోజులూ సుక్రి బడిలోనే ఉంది. మా బడి పట్టీలో అందరూ ఎప్పుడూ బడిలోనే ఉంటారు.

ఆఫీసరు పిల్లని అడిగాడు. సుక్రి తల దించుకుని, "బాపా నాహి" అంది. నాన్న లేడు. పైడితల్లి కొంగులో మొహం పెట్టుకుంది.

"హెడ్మాస్టర్ బాబూ, చనిపోయినవాడు నడిచొచ్చి వేలిముద్ర వేసి పిల్లని తీసుకెళ్ళాడా?" అన్నాడు మనోరంజన్ బాబు. ఆయనకి నవ్వు కూడా వచ్చింది. కట్ట తెమ్మన్నాడు. నేను తెచ్చాను. ఖాళీ కాయితాల మీద వరసగా ఉన్న వేలిముద్రలు చూసి నవ్వు ఆపాడు. పన్నెండున్నర దాటినా లేవలేదు. ఆ ఒక్క పూట ఆయన మనిషిలా కనిపించాడు.

రిపోర్టు వచ్చేసరికి మళ్ళీ ఆఫీసరైపోయాడు. అది గుమాస్తా పొరపాటు అని తేలింది. నాకొక హెచ్చరిక వచ్చింది. హెడ్మాస్టరుగారిని పొట్టంగి వైపు, ఇంతకన్నా పెద్ద బడికి బదిలీ చేశారు. ఆయన వెళ్ళేటప్పుడు టీచర్లు దండ వేశారు. పైడితల్లి మీద మొదటి అభియోగం కొట్టేశారు, శవం ఇచ్చిన సెలవు చెల్లదు కాబట్టి. రెండోదానికి, ఇకమీదట సూదులు వెయ్యరాదు అని ఒక కాయితం ఇచ్చారు. నర్సుని మాత్రం ఇవ్వలేదు. ఆమె ఆ కాయితం మడిచి పెట్టెలో పెట్టి, ఆ సాయంత్రమే సూది వేసింది. సుక్రి ఇప్పుడు ఎనిమిదో తరగతి.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుండేది. ఎందుకంటే ఆ తర్వాత రామనగుడ బజారులో నా పరపతి పెరిగింది. గోవిందరావు గట్టివాడు, పైకి నంగిలా ఉంటాడు గానీ చచ్చినవాడి పేరు రాసి హెడ్మాస్టర్ని భలే ఇరికించాడు, ఆ పిల్లని కాపాడింది అతనే అన్నారు. టీ దుకాణంలో నన్ను కూర్చోమని బెంచీ ఖాళీ చేసేవారు. నేను అవుననలేదు, కాదనలేదు. నవ్వేవాణ్ణి. కొన్నాళ్ళకి నాకే అనిపించసాగింది, అలాగే జరిగిందేమోనని. డంబు చనిపోయాడన్న కబురు తెచ్చిన మనిషి నా బల్ల ముందే కదా నిలబడ్డాడు, పైడితల్లికి అయిదు రోజుల సెలవు చీటీ రాసింది నేనే కదా, మరి నాకు తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

ఒకరోజు వంటశాలకి వెళ్ళాను. పైడితల్లి ముక్కాలిపీట మీద కూర్చుని గుమ్మడికాయ తరుగుతోంది. ఆ మాట ఆమె నోట కూడా వినాలనిపించింది.

"పైడితల్లీ, ఆరోజు ఆ కాయితం నేను తెలిసే రాశానమ్మా. ఆయన దొరకాలనే" అన్నాను.

ఆమె కత్తి ఆపలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు.

"నేదు బాబూ. డంబు సచ్చిపోనాడని నీకు గురుతు నేదు. గురుతుంటే ఆల్లమ్మ ఏలిముద్దరున్న కాయితం తీసుందువు."

సుక్రి తల్లి వేలిముద్ర వేసిన కాయితం కూడా ఆ కట్టలో ఉంది. తండ్రిదాని కిందే ఉంది.